ఎఫ్‌ఎమ్‌జీఈకి ఏ పుస్తకాలు కొనాలి? రెండుసార్లు తప్పినదాని లెక్క

మా ఇంటి అటక మీద మూడు గోనెసంచుల నిండా మెడికల్ పుస్తకాలున్నాయి. అన్నీ డబ్బు పోసి కొన్నవే. సగానికి పైగా పుస్తకాల్లో మొదటి ముప్పై పేజీలే నలిగాయి, ఆ తర్వాత పేజీలు కొన్ననాటి తెల్లదనంతోనే ఉన్నాయి. ఒక లావుపాటి సర్జరీ పుస్తకాన్ని మాత్రం అమ్మ కిందికి దింపి మాగాయ జాడీ మూత మీద బరువు పెట్టుకుంది. దానివల్ల ఈ ఇంటికి జరిగిన ఉపకారం అదొక్కటే.

మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. కిర్గిజ్‌స్థాన్‌లో మెడిసిన్ చదివి 2021లో తిరిగొచ్చాను. విదేశాల్లో చదివినవాళ్లు ఇక్కడ వైద్యం చేయాలంటే ఎఫ్‌ఎమ్‌జీఈ గట్టెక్కాలి కదా. 2021 డిసెంబరులో 300కి 138 వచ్చాయి. 2022 జూన్‌లో 146. 2023 జనవరిలో మూడోసారి రాస్తే 171. పాసవడానికి కావలసింది 150. ఇప్పుడు ఇంటర్న్‌షిప్ కూడా అయిపోయి ఒక చిన్న నర్సింగ్‌హోంలో డ్యూటీ డాక్టరుగా ఉన్నాను.

రిజల్ట్స్ వచ్చిన ప్రతిసారీ మా అరుగు మీదికి ఒక తల్లో తండ్రో పిల్లాణ్ణి వెంటబెట్టుకుని వస్తారు. "అమ్మాయ్, మావాడికి ఏ పుస్తకాలు కొనాలో ఓ కాయితం మీద రాసివ్వమ్మా, రేపే హైదరాబాద్ వెళ్లి తెచ్చేస్తాం" అంటారు. నేను రాసివ్వను. టీ ఇచ్చి, పిల్లాణ్ణి ఒక్కటే అడుగుతాను: "గడియారం పెట్టుకుని పూర్తి మోడల్ పరీక్ష ఒక్కటైనా రాశావా?" ఇంతవరకూ రాశానన్నవాళ్లు ఇద్దరే. మిగతావాళ్లంతా ముందు చదివి తర్వాత రాద్దామనుకున్నవాళ్లే. నేనూ అలాగే అనుకున్నాను, అందుకే అటక నిండింది.

ముందు మార్కుల పట్టిక

పరీక్ష పెట్టేది ఎన్‌బీఈఎమ్‌ఎస్, అంటే వైద్య పరీక్షల జాతీయ బోర్డు. ఏ సబ్జెక్టుకి ఎన్ని ప్రశ్నలో వాళ్లే బులెటిన్‌లో ఇస్తారు. దాన్ని ఒక తెల్లకాయితం మీద చేత్తో రాసి గోడకి అంటించండి. ప్రింటు తీయకండి, చేత్తోనే రాయండి. రాస్తుంటే కొన్ని అంకెల దగ్గర చెయ్యి ఆగుతుంది.

నాకు ఆగింది అనాటమీ దగ్గర. 17. ఫిజియాలజీ 17, బయోకెమిస్ట్రీ 17. పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ తలా 13. ఫోరెన్సిక్ మెడిసిన్ 10. ఇవన్నీ కలిపితే 100. మిగతా 200 క్లినికల్: మెడిసిన్ 33, సర్జరీ 32, గైనిక్ 30, పీఎస్ఎం (ప్రజారోగ్యం, జబ్బుల నివారణ) 30, పిల్లల వైద్యం 15, కన్ను 15, ఈఎన్‌టీ 15. మానసిక వైద్యం, చర్మం, రేడియోథెరపీ, మత్తు, ఎముకలు, రేడియాలజీ తలా 5.

మొదటిసారి నేను అనాటమీకే నాలుగు నెలలు పెట్టాను. దానికి అట్లాసు ఒకటి, మూడు సంపుటాల పుస్తకం ఒకటి, వీడియోలు ఒక సెట్టు. అంతా 17 మార్కులకి! ఆ నాలుగు నెలల్లో పీఎస్ఎం పుస్తకం ముట్టుకోలేదు. దిండంత లావుంది, చూస్తేనే టెన్షన్. దానికున్నవి 30 మార్కులు. పైగా అక్కడ ఆరేళ్లు చదివినా మన టీకాల పట్టిక, మన టీబీ కార్యక్రమం, మన చట్టాలు నాకు ఎవరూ చెప్పలేదు. వాళ్ల దేశంలో వాళ్ల పట్టిక చెబుతారు గానీ మనది ఎందుకు చెబుతారు? అంటే పీఎస్ఎం 30, ఫోరెన్సిక్ 10, మొత్తం 40 మార్కుల సరుకు నా దగ్గర బొత్తిగా లేదు. అనాటమీ ఎంతో కొంత ఉంది. ఉన్నదాని మీదే మళ్లీ పోసుకుంటూ కూర్చున్నాను.

కాబట్టి డబ్బు ఎక్కడ పెట్టాలో మార్కుల పట్టికే సగం చెప్పేస్తుంది. ఒక సబ్జెక్టుకి మీ దగ్గర ఇప్పటికే ఏదో ఒకటి ఉంటే, రెండోది ఇంకా మంచిదని ఎవరు చెప్పినా కొనకండి. ఏమీ లేని సబ్జెక్టుకి ముందు కొనండి. విదేశంలో చదివినవాళ్లలో చాలామందికి అది పీఎస్ఎమే అవుతుంది.

ఇంకొక చిన్న లెక్క కూడా ఆ కాయితం కిందే రాసుకోండి. ఒక్కో ప్రశ్నకి నాలుగు జవాబులు, నెగెటివ్ మార్కులు లేవు. కళ్లు మూసుకుని గుద్దినా సగటున 75 వస్తాయి. 100 ప్రశ్నలు నిస్సందేహంగా తెలిసి, మిగతా 200 గుద్దితే 100కి 50 కలిసి 150 అవుతుంది. అదృష్టం మీద ఆధారపడమని కాదు ఇది చెప్పడం. తెలిసినవి ఎంత గట్టిగా తెలియాలో అర్థం కావాలని. మూడు వందల ప్రశ్నలకీ అంతంత మాత్రంగా తెలిస్తే నాలాగా 146 దగ్గర ఆగిపోతాం. మెటీరియల్ ఎక్కువయ్యేకొద్దీ జరిగేది అదే, అన్నీ తెలిసినట్టే ఉంటాయి.

తప్పుల నోట్‌బుక్

రెండోసారి తప్పాక కొన్నాళ్లు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. లంకల్లో నీళ్లు నిండి మా మావయ్యవాళ్లు సామాను సర్దుకుని మా ఇంటికొచ్చి ఉన్నారు. ఇల్లంతా మనుషులు, మంచాల మీద పిల్లలు, చదవడానికి చోటు లేదు. వీడియో పెడదామంటే గోల. చేసేదేమీ లేక వంటింటి వెనక వసారాలో కూర్చుని, ఒక పాత మోడల్ పరీక్షలో నేను చేసిన తప్పుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. 141 ఒప్పు, 159 తప్పు.

ఒక్కో తప్పు పక్కన ఒక అక్షరం రాశాను. బొత్తిగా తెలియకపోతే "తె". తెలిసి, ఇంకోదానితో కలగలిసిపోతే "క". ప్రశ్న సరిగా చదవకపోతే, అంటే "కానిది ఏది" అని అడిగితే అయినదాన్ని పెట్టేస్తే "చ". సాయంత్రానికి తేలింది: తె 64, క 66, చ 29.

నేను అన్నాళ్లూ తప్పులన్నీ "తె" అనుకుని వాటికోసమే కొంటూ వచ్చాను. తప్పు వచ్చిందంటే ఇంకో పుస్తకం, ఇంకో వీడియో. కానీ అన్నిటికన్నా ఎక్కువున్నది "క". కలగలిసినదానికి కొత్త పుస్తకం ఇస్తే ఇంకా కలగలుస్తుంది.

ఒక్కటి చూపిస్తాను. ప్రశ్న ఇది: మన దేశంలో వుకరేరియా బాంక్రాఫ్టై అనే బోదకాలు పురుగును ప్రధానంగా మోసే దోమ ఏది? అనాఫిలిస్, ఏడిస్, క్యూలెక్స్, మాన్సోనియా. నేను మాన్సోనియా పెట్టాను. ఎందుకు పెట్టానో బాగా గుర్తుంది. మా ఇంటి ముందు పంటకాలువ నిండా గుర్రపుడెక్క. నీటిమొక్కల వేళ్లని పట్టుకుని మాన్సోనియా పిల్లలు పెరుగుతాయని వీడియోలో విన్నాను. మా అమ్మమ్మకి ఎడంకాలు బోదకాలు. కాలువ, గుర్రపుడెక్క, అమ్మమ్మ కాలు, మూడూ నా బుర్రలో ఒక్క బొమ్మగా అతుక్కుపోయాయి. కానీ మాన్సోనియా మోసేది బ్రూజియా మలయై అనే ఇంకో పురుగుని, అది మనవైపు కన్నా కేరళవైపు మాట. మా అమ్మమ్మ కాలికి కారణం కాలువ కాదు, పెరటి మురుగుగుంట. క్యూలెక్స్ పెరిగేది మురుగులో. చిన్నప్పుడు రాత్రి పదింటికి లాంతరేసుకుని ఆరోగ్యశాఖవాళ్లు ఇంటింటికీ వచ్చి వేలు గుచ్చి రక్తం తీసుకునేవారు. ఆ పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలో పైకొస్తాయి కాబట్టి అప్పుడు తీస్తారు. ఇదంతా నాకు తెలుసు, ఫైలేరియా వీడియో రెండుసార్లు చూశాను కూడా. మూడోసారి చూసినా అదే తప్పు చేసేదాన్ని.

దానికి కావలసిన మెటీరియల్ రెండే గళ్లు. ఎడమ గడిలో: బాంక్రాఫ్టై, క్యూలెక్స్, మురుగు. కుడి గడిలో: మలయై, మాన్సోనియా, నీటిమొక్కలు. 200 పేజీల నోట్‌బుక్‌లో ఒక మూల. అంతే.

అలా 66 "క"లకి 66 చిన్న పట్టికలు గీశాను. 64 "తె"లని సబ్జెక్టులవారీగా విడగొడితే 19 పీఎస్ఎం, 8 ఫోరెన్సిక్, మిగతావి తలా కొన్ని. అప్పుడు తెలిసింది, నేను కొనాల్సింది పీఎస్ఎంకి ఒక పలచని నోట్సూ ఫోరెన్సిక్‌కి ఒకటీ మాత్రమేనని. 29 "చ"లకి ఏ షాపులోనూ మందు దొరకదు. గడియారం పెట్టుకుని 150 నిమిషాల్లో 150 ప్రశ్నలు చేయడం, ప్రశ్నలో "కానిది" అన్నమాట కనబడగానే వేలితో స్క్రీన్ మీద ఆనించి ఆగడం అలవాటు చేసుకున్నాను. పరీక్ష కూడా అంతే, రెండు భాగాలు, ఒక్కోదానికి 150 నిమిషాలు.

మీ లెక్క నా లెక్కలా ఉండదు. ఒకతనికి "చ" 50 దాటాయి. అతనికి పుస్తకం కాదు, కళ్లద్దాలు కొనమన్నాను. సరదాకి అనలేదు, నిజంగానే చూపు తేడా ఉంది.

పాత పుస్తకం కొనేటప్పుడు

హైదరాబాద్ కోఠీలో సెకండ్‌హ్యాండ్ మెడికల్ పుస్తకాలు దొరుకుతాయి, మనవాళ్లందరికీ తెలిసిన చోటే. సీనియర్లు అమ్మేవి కూడా ఉంటాయి. అనాటమీ, ఫిజియాలజీ లాంటివి ఎంత పాతవైనా పర్లేదు, గుండె గదులు మారవు. కానీ పీఎస్ఎం, ఫోరెన్సిక్, మెడిసిన్‌లో కొన్ని భాగాలు ఏడాది తిరిగేసరికి మారిపోతాయి. షాపులో నిలబడే తేల్చుకోవడానికి నేను నాలుగు చోట్ల తెరుస్తాను.

టీబీ పేజీ. అక్కడ కార్యక్రమం పేరు ఆర్‌ఎన్‌టీసీపీ అని ఉంటే అది 2020కి ముందుది, ఇప్పుడది ఎన్‌టీఈపీ. టీకాల పట్టిక. గర్భిణికి టీటీ (ధనుర్వాతం టీకా) అనే ఉంటే పాతది, ఇప్పుడు డిఫ్తీరియాని కూడా కలిపిన టీడీ. పోలియో ఇంజెక్షను చిన్న డోసు మూడోది 9 నెలలకి ఉండాలి, అది 2023లో చేర్చారు. గర్భస్రావ చట్టం పేజీ. 2021 సవరణ ప్రకారం కొన్ని తరగతుల స్త్రీలకి 24 వారాల దాకా అవకాశముంది, 20 దగ్గరే ఆగిపోతే పక్కన పెట్టేయండి. నాలుగోది ఫోరెన్సిక్. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకి శిక్ష 302 అని మనకి సినిమాల్లోంచి వచ్చేసింది, ఇప్పుడది 103. నిర్లక్ష్యం వల్ల మరణం, డాక్టర్లం భయపడే సెక్షను, 304ఎ కాస్తా 106 అయింది. పోలీసుల శవ పంచనామాకి పాత నేర విచారణ స్మృతిలో ఉన్న 174, దాని బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194. ఈ నంబర్లు పాతవి ఉన్న పుస్తకం ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు, ఒకసారి కంఠతా పట్టింది వదిలించుకోవడం కొత్తది నేర్చుకోవడం కన్నా కష్టం. నేను 2022లో చదివిన సెక్షన్లు ఇప్పటికీ ఎంఎల్‌సీ (పోలీసు కేసుకి సంబంధించిన వైద్య నివేదిక) కాయితం రాసేటప్పుడు ముందు నోట్లోకి అవే వస్తాయి.

జిరాక్సు నోట్సు గురించి కూడా చెప్పాలి. అమీర్‌పేట హాస్టళ్లలో ఎవరో రాసిన క్లాసు నోట్సు చేతులు మారి మారి మా అమలాపురం బస్టాండు దగ్గర జిరాక్సు షాపు దాకా వస్తుంది. చవక. నేను మొత్తం సెట్టు తీయించాను, స్పైరల్ బైండింగ్ వేయించి మరీ. ఇంటికొచ్చి చర్మవ్యాధుల నోట్సు తెరిస్తే పద్నాలుగు బొమ్మలూ ఒకేలా ఉన్నాయి, నల్లటి మచ్చ, చుట్టూ నల్లటి మచ్చ. ఏది సోరియాసిసో ఏది లైకెన్ ప్లానసో దేవుడికే తెలియాలి. పాథాలజీ స్లైడులు గులాబీ ఊదా రంగుల్లో ఉంటేనే కణం కనబడుతుంది, జిరాక్సులో అది బూడిద. కంటి వెనక భాగం ఫొటోలు అయితే మాడిపోయిన అట్టు. ఈ పరీక్షలో బొమ్మ చూపించి అడిగే ప్రశ్నలు బాగా వస్తాయి. కాబట్టి అక్షరాలు మాత్రమే ఉన్న సబ్జెక్టుకి జిరాక్సు తీయించుకోండి. చర్మం, కన్ను, పాథాలజీ, రేడియాలజీ మాత్రం ఫోన్లోనైనా సరే రంగుల్లో చూడండి.

యాప్‌లు, వీడియోలు

మారో, ప్రెప్‌ల్యాడర్ లాంటి యాప్‌లు అందరికీ తెలిసినవే. ఏది మంచిదని అడగొద్దు. రెండేసి కొన్నవాళ్లని చూశాను, రెండూ పూర్తిచేసినవాళ్లని చూడలేదు. ఒక యాప్ చాలు, ఎంచుకునేటప్పుడు వీడియో చెప్పే ఆయన ఎంత బాగా చెబుతాడని చూడకండి, ప్రశ్నల బ్యాంకులో తప్పు జవాబుకి వివరణ ఎలా ఉందో చూడండి. ఒప్పు ఎందుకు ఒప్పో చెప్పి వదిలేస్తే అది సగం పనే. మిగతా మూడూ ఎందుకు కావో రాసినదే పనికొస్తుంది, మన "క"లకి మందు అక్కడే ఉంటుంది. ఫ్రీగా ఇచ్చే ప్రశ్నలు ప్రతి యాప్‌లోనూ కొన్ని ఉంటాయి. బాగా తెలిసిన టాపిక్కులో ఒక పది చేసి, వివరణలు చదివి, అప్పుడు డబ్బు కట్టండి. తెలియని టాపిక్కులో చేస్తే ప్రతి వివరణా అద్భుతంగానే అనిపిస్తుంది.

ముగ్గురం కలిసి ఒక అకౌంటు పంచుకుని దెబ్బతిన్నాను. పేరు అనవసరం. పరీక్ష ఇంకా ఇరవై రోజులుందనగా అకౌంటు లాక్ అయింది, నా గుర్తులన్నీ, తప్పుపెట్టిన ప్రశ్నలన్నీ అందులోనే ఉండిపోయాయి. రూలు తప్పింది మేమే, వాళ్లననడానికి లేదు. మూడోసారికి నాన్న ఒక కొబ్బరి దింపు డబ్బు మొత్తం నా ఒక్కదాని పేరునే కట్టాడు. దింపు అంటే తెలుసుగా, కాయలు దించి అమ్మితే వచ్చే డబ్బు, మళ్లీ చేతికి రావాలంటే రెండు నెలలు ఆగాలి. మా ఇంట్లో లెక్కలన్నీ దింపుల్లోనే. ఒక దింపు యాప్‌కి, ఇంకో దింపులో కొంత నోట్సుకి. అంతకు మించి ఖర్చు పెట్టాల్సింది లేదు ఈ పరీక్షకి. నేను మొదటి రెండుసార్లకి ఐదు దింపులు తగలేశాను.

ఆన్‌లైన్ మీదే పూర్తిగా ఆధారపడొద్దని ఎందుకంటానో కోనసీమవాళ్లకి చెప్పక్కర్లేదు. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు గొడవ జరిగాక ఇంటర్నెట్ ఆపేశారు. ఒక రోజులో వస్తుందనుకున్నాం, వారం దాటింది. నా పరీక్ష జూన్ మొదటి వారంలో. వీడియోలు, నోట్సు, టెస్టులు అన్నీ ఫోన్లో ఉన్నాయి, ఫోను మాత్రం ఇటుకరాయి. అడ్మిట్ కార్డు డౌన్‌లోడ్ చేయడానికి నాన్న స్కూటరు మీద బాలయోగి వారధి దాటి యానాం వెళ్లాం. వంతెన దగ్గర సిగ్నల్ కోసం ల్యాప్‌టాప్‌లు ఒళ్లో పెట్టుకుని సాఫ్ట్‌వేర్ పిల్లలు కూర్చుని ఉన్నారు. నేను యానాంలో ఒక షాపు మెట్ల మీద కూర్చుని, అడ్మిట్ కార్డుతో పాటు దొరికినన్ని పీడీఎఫ్‌లు దించుకున్నాను. నాన్న రెండు టీలు తాగి మూడోది నాకు తెచ్చాడు. ఆ పీడీఎఫ్‌ల్లో ఒక్కటీ అప్పటికి నేను చదివినది కాదు. పరీక్షకి వారం ముందు కొత్త మెటీరియల్ పట్టుకుంటే ఏమవుతుందో నా 146 చెబుతుంది.

గొడవలు కాకపోతే తుపాను, తుపాను కాకపోతే కరెంటు. మీ ప్రధాన నోట్సు కాగితం మీద ఉండాలి. యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకుని నెట్ లేకుండా చూసే వీలుందా లేదా కొనేముందే కనుక్కోండి, ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి తెరిచి చూడండి.

"పాత ప్రశ్నపత్రాలు" అని అమ్మేవి

ఎన్‌బీఈఎమ్‌ఎస్ ప్రశ్నపత్రం బయటికివ్వదు. ప్రశ్నలు బయటపెట్టనని పరీక్షకి ముందే మనచేత ఒప్పుకోలు కూడా తీసుకుంటుంది. మరి గతేడాది ప్రశ్నలంటూ అమ్ముతున్నవి ఏమిటి? రాసినవాళ్లు గుర్తున్నంత మేరకు చెబితే ఎవరో పోగేసినవి. సగం ప్రశ్న, మారిన అంకె, ఊహించిన జవాబు. ఒకే ప్రశ్నకి మూడు పుస్తకాల్లో మూడు జవాబులు చూశాను నేను. వాటిని జవాబుల కోసం చదవకండి. ఏ టాపిక్కు మాటిమాటికీ వస్తోందో చూసుకోవడానికి పనికొస్తాయి, అందుకైతే ఒక్కటి చాలు. ఇక పరీక్షకి ముందురోజు టెలిగ్రామ్‌లో అసలు పేపరు ఇస్తామనేవాళ్లు శుద్ధ మోసగాళ్లు. దీని బదులు నెక్స్ట్ అనే కొత్త పరీక్ష వస్తుందని, దానికి స్పెషల్ ప్యాకేజీ అని అమ్మేవాళ్లు ఇంకో రకం. ఆ పరీక్ష మాట 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టంలో ఉన్నది నిజమే, నోటిఫికేషన్ చేతికి వచ్చాక కొనొచ్చు.

పిన్ని కూతురి పరీక్ష

మా పిన్ని కూతురు అమెరికాలో డీఓ చదువుతోంది. డీఓ అనగానే నాన్న "డివిజినల్ ఆఫీసరా?" అన్నాడు. కాదు, ఆస్టియోపతిక్ మెడిసిన్. ఆండ్రూ టేలర్ స్టిల్ అనే ఆయన 1892లో మిసోరీలోని కిర్క్స్‌విల్‌లో మొదటి కాలేజీ పెట్టాడు. అక్కడ మన ఎంబీబీఎస్ లాంటి డిగ్రీ ఎండీ, డీఓలు కూడా ఆ ఎండీల్లాగే పూర్తి డాక్టర్లు, మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు. అదనంగా చేతులతో వెన్నునీ కండరాలనీ సరిచేసే విద్య ఒకటి నేర్చుకుంటారు. మన దగ్గర ఆస్టియోపతి పేరుతో నడిచే చిన్న కోర్సులు వేరు, వాటితో కలపకండి.

వాళ్ల లైసెన్సు పరీక్ష పేరు కామ్‌లెక్స్, మూడు లెవెల్స్. పెట్టేది ఎన్‌బీఓఎమ్‌ఈ అనే బోర్డు. లెవెల్ 1కి 2022 నుంచి మార్కులు చూపించరు, పాసా ఫెయిలా అంతే. డిసెంబరు సెలవులకి వచ్చినప్పుడు అది మా అరుగు మీదే కూర్చుని చదువుకునేది. దాని దగ్గర పుస్తకాలు ఎన్ని ఉంటాయో అని నేను ఆశగా చూస్తే ఒక ల్యాప్‌టాపూ, ఒక పలచని పచ్చ అట్ట పుస్తకమూ ఉన్నాయి. "అక్కా, మాక్కూడా అదే గోల" అంది. వాళ్ల క్లాసులో చాలామంది ఎండీ పిల్లలు రాసే యూఎస్‌ఎమ్‌ఎల్‌ఈ కూడా రాస్తారట, కాబట్టి రెండు పరీక్షల మెటీరియలూ కొంటారు. ఇది అలా చేయలేదు. మామూలు వైద్యమంతా రెండు పరీక్షల్లోనూ ఒకటే కాబట్టి దానికి యూఎస్‌ఎమ్‌ఎల్‌ఈ కోసం తయారైన యూవరల్డ్ ప్రశ్నల బ్యాంకు ఒక్కటి. అందులో లేనిది చేతివిద్య భాగం, దానికి మాత్రం కామ్‌లెక్స్ కోసమే తయారైన చిన్న బ్యాంకు ఇంకొకటీ, ఆ పచ్చ పుస్తకమూ. ఎంతవరకూ వచ్చిందో చూసుకోవడానికి పరీక్ష పెట్టేవాళ్లే అమ్మే మోడల్ పరీక్ష, కామ్‌సే అంటారట. అంతే దాని సామాను.

ఆ చేతివిద్యలో బట్టీ పట్టాల్సినవి బోలెడు. ఏ అవయవం చెడితే వెన్నులో ఎక్కడ తేడా తెలుస్తుంది అనే పట్టిక ఒకటుంది. గుండెకి ఛాతీ వెన్నుపూసల్లో మొదటి దాన్నుంచి ఐదో దాకా. చాప్‌మన్ బిందువులని ఇంకోటి, అపెండిక్స్‌కి కుడివైపు పన్నెండో పక్కటెముక కొస. అది పుస్తకంలో చదివేది కాదు, అమ్మమ్మని బోర్లా పడుకోబెట్టి వెన్నుపూసలు లెక్కపెట్టేది. మెడ కింద పెద్ద బొడిపె దొరకబుచ్చుకుని అక్కణ్ణించి ఒకటి, రెండు, మూడు అని ఇంగ్లీషులో గొణుగుతూ దిగేది. అమ్మమ్మ కళ్లు మూసుకుని "అక్కడ కాదే, ఇంకా కిందికి, నడుం దగ్గర నొక్కు" అనేది. రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక అరగంట. పదిహేను రోజుల్లో అమ్మమ్మ వెన్నే దాని పుస్తకం అయిపోయింది. చేత్తో చేసే విద్యకి మంచి మెటీరియల్ ఓపికున్న మనిషే అని నాకప్పుడు తట్టింది. నేను కూడా ఈఎన్‌టీ పరికరాలని బొమ్మల్లో చూసి మర్చిపోయే బదులు, తెలిసిన డాక్టరు గారి క్లినిక్‌కి వెళ్లి ఒక పూట చేత్తో పట్టుకుని చూసి ఉంటే బావుండేది.

చివరి నెల

చివరి నెలలో కొనడం ఆపేయండి. కొత్త వీడియో, కొత్త గ్రూపు, కొత్త పీడీఎఫ్ ఏదీ వద్దు. నేను మూడోసారి ఆఖరి ముప్పై రోజులు చూసింది తప్పుల నోట్‌బుక్, పీఎస్ఎం పలచని నోట్సు, వారానికి రెండు పూర్తి పరీక్షలు. ప్రతి పరీక్ష తర్వాత "తె", "క", "చ" మళ్లీ లెక్కపెట్టాను. ఆఖరి పరీక్షలో "క" 66 నుంచి 21కి దిగింది. "చ" మాత్రం 14 దగ్గర మొండికేసింది, దాన్ని అలాగే తీసుకుని వెళ్లాను. సెంటరు విశాఖ పడింది. రైల్లో నోట్‌బుక్ తప్ప ఏమీ పట్టుకెళ్లలేదు. సంచి తేలిగ్గా ఉందని అమ్మ కంగారుపడి రెండు అరిసెల పొట్లాలు పెట్టింది.

మొన్న ఒకబ్బాయి ఫిలిప్పీన్స్‌లో చదివి వచ్చాడు. వాళ్లమ్మ అడిగిందల్లా నా తప్పుల నోట్‌బుక్కే, జిరాక్సు తీయించుకుంటామని. ఇవ్వలేదు, కోపమొచ్చినట్టుంది. అందులో ఉన్నవి నా తప్పులు, వాడికి మాన్సోనియాతో ఏ గొడవా లేకపోవచ్చు. అటక మీది సంచులు దింపి, వాటిలో పీఎస్ఎం, ఫోరెన్సిక్ తీసి పక్కన పడేసి, మిగతావి కావాలంటే పట్టుకెళ్లమన్నాను. వాడు ఒక మోడల్ పరీక్ష రాసి వచ్చి చెబుతానన్నాడు. వారానికి వచ్చాడు. 118 ఒప్పు, 182 తప్పు. పక్కన అక్షరాలు కూడా రాసుకొచ్చాడు, "తె" 97. పీఎస్ఎంలో 26 తప్పు. ఒకే ఒక్క నోట్సు పేరు రాసిచ్చాను. సంచుల్లోంచి అనాటమీ అట్లాసు ఒకటి ఇష్టపడి తీసుకోబోయాడు, అనాటమీలో ఎన్ని తప్పాయని అడిగాను. నాలుగట. మళ్లీ సంచిలో పెట్టేశాడు.